పోటీ లేనివాళ్ళ జారుడు పందెం

ఆ ఉదయం ఏసోబు మేష్టరు వేసుకున్న పథకం చిన్నదే. బడి పైకప్పు కురుస్తోంది. వానలు పడకముందే పంచాయతీ బోర్డు చేత పెంకులు వేయించాలి. ఒంటరిగా వెళితే ప్రెసిడెంటు త్రికోటేశ్వరరావు అరుగు దగ్గరే నిలబెట్టి పంపేస్తాడు. అందుకని టీకాలు వేయడానికి ఊళ్ళోకి వచ్చిన మిషను నర్సు విల్లమ్మ దొరసానిని వెంటబెట్టుకు వెళ్ళాడు. ఆవిడది హాలండు దేశం. అసలు పేరు పలికే ఓపిక గురజాల తాలూకాలో ఎవరికీ లేక, అందరూ కలిసి విల్లమ్మను చేశారు.

ప్రెసిడెంటు దొరసానికి కుర్చీ వేయించాడు. ఏసోబు నిలబడే ఉన్నాడు. పెంకుల మాట ఎత్తేముందు కాస్త గొప్ప చెబితే పని జరుగుతుందనిపించింది.

"అయ్యా, ఈ దొరసాని యుద్ధానికి ముందు వాళ్ళ దేశానికంతా ఫస్టు. కాళ్ళకి బల్లలు కట్టుకుని మంచుకొండ మీంచి కిందికి జారే పందెంలో."

"ఎడ్లు ఎవరియ్యి?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఎడ్లుండవయ్యా."

"ఎడ్లు లేకుండా పందెమేంది? అదీ కొండ దిగడమా? దిగడం రాయి కూడా దిగుద్ది."

అలా కొట్టిపారేశాడే గానీ, 'దేశానికంతా ఫస్టు' అన్న ముక్క ఆయనకు గుచ్చుకుంది. ఆయన వరసగా మూడుసార్లు ఏకగ్రీవంగా ఎన్నికైన మనిషి. ఎదురు నామినేషను వేస్తే గడ్డివాము ఏమవుతుందో ఊళ్ళో అందరికీ ఒక అంచనా ఉండేది కాబట్టి ఎవరూ వేయలేదు. తన ఊళ్ళో తను కాక ఇంకొకరు ఫస్టు అనిపించుకోవడం ఆయన ఎరగడు.

"ఊరి పక్క గుట్ట మీద జొన్న చొప్ప పరిపిస్తా. ఆ పందెం మనమూ పెడదాం. నేనూ జారతా. నువ్వొచ్చింది బడి పెంకుల కోసమేగా, గెలిచానంటే ఆ సంతోషంలో ఇస్తా."

"తమరు ఒకవేళ..."

"ఒకవేళ ఏంది ఏసోబూ?"

ఏసోబు దండం పెట్టి బయటపడ్డాడు.

మర్నాడు టముకు వేశారు. కుర్రాళ్ళు ఉత్సాహంగా పేర్లిచ్చారు. ప్రెసిడెంటు కూడా దిగుతున్నాడని తెలిశాక ఆంజనేయులుకు కడుపునొప్పి వచ్చింది, యల్లమందకు అత్తగారి ఊళ్ళో పని తగిలింది. సాయంత్రానికి అందరూ తప్పుకున్నారు. ఊరి ఆచారం తెలియని దొరసాని ఒక్కతే మిగిలింది.

ఏసోబు పరుగున వెళ్ళి చేతులు జోడించాడు. "అమ్మా, మీరు ఓడిపోవాలి. లేకపోతే పిల్లలు తడుస్తారు."

"దానికి చింతింపకుడి," అంది దొరసాని. ఆవిడ తెలుగు బైబిలు చదివి నేర్చుకున్నది. "స్విట్జర్లాండులో ఓడితిని. ఆస్ట్రియాలో ఓడితిని. అంతటను కడపటిదాననై వచ్చితిని."

"మరి మీ దేశంలో ఫస్టు వచ్చానన్నారు?"

"మా దేశమున కొండలు లేవు. ఆ యేట పందెమునకు నేనొక్కతెనే వచ్చితిని. కావున గెలిచితిని."

"అంటే మీదీ ఏకగ్రీవమేనన్నమాట," అని ఏసోబు నిట్టూర్చాడు.

పందెం రోజున మాచర్ల నుంచి కూడా బండ్లు కట్టుకొచ్చారు జనం. పందెమనగానే కొందరు అలవాటుగా కోళ్ళను చంకన పెట్టుకొచ్చారు. వడ్రంగి చెక్కిన తుమ్మబల్లలు కాళ్ళకు కట్టించుకుని ప్రెసిడెంటు గుట్ట మీద నిలబడ్డాడు. పైనుంచి చూస్తే దిగడం రాయికి ఉన్నంత సులువుగా కనిపించలేదు. దొరసాని మాట ప్రకారం నత్తనడకన బయల్దేరింది. ప్రెసిడెంటు అసలు బయల్దేరలేదు. వెనకనుంచి ఇద్దరు మనుషులు తోశారు. రెండు బారలు జారి, చొప్పలో కూలబడి, "ఆగండ్రా, నన్ను దోవ చూసుకోనియ్యండి," అన్నాడు.

దొరసాని సగం వాలులో ఆగి, ఆయన కోసం చూస్తూ వెనక్కి తిరిగింది. అక్కడ ఒక మనిషి ఉన్నాడు, తన కన్న వెనక. ఆవిడ జన్మలో అలాంటిది చూడలేదు. ఎన్నో మంచుకొండల మీద అందరి వీపులూ చూసి చూసి అలిసిన మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇచ్చిన మాట గుర్తుంది, పెంకులూ గుర్తున్నాయి. అయినా మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. కళ్ళు మూసి తెరిచేలోగా గుట్ట కింద ఉంది.

ఏసోబు తల పట్టుకుని కూర్చున్నాడు. దొరసాని వచ్చి అతని ఎదుట తల దించుకుని, "నన్ను క్షమించుడి. ఆపుకొనలేకపోతిని," అంది.

ప్రెసిడెంటు చొప్ప దులుపుకుంటూ కూర్చునే దిగాడు. పక్కనే నిలబడ్డ రామాయమ్మ అనే ముసలావిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏమే, ఈయన కూడా ఓడిపోతాడంటనే. మనకి తెలవనే తెలవదు," అంది పొరుగావిడతో.

ఆ మాట రాత్రికి ఊరంతా తిరిగింది. బోర్డు ఎన్నికలు దగ్గరకొచ్చాయి. కడుపునొప్పి తగ్గిన ఆంజనేయులు మొదటి నామినేషను వేశాడు, యల్లమంద రెండోది. వేశాక ఇద్దరికీ బడి పైకప్పు కనిపించింది. ఆంజనేయులు ఒక బండి పెంకులు దింపితే, యల్లమంద రెండు దింపాడు. జీవితంలో మొదటిసారి ఓట్లు అడగవలసి వచ్చిన త్రికోటేశ్వరరావు మూడు బండ్లు తోలించి, ఏసోబు మేష్టరుకు కుర్చీ కూడా వేయించాడు. ఒక్కో గదీ కప్పుకుంటూ వచ్చారు. కడపటి గది సగంలో ఉండగా పోలింగు జరిగింది. త్రికోటేశ్వరరావే గెలిచాడు.

మర్నాటి నుంచి బండ్లు రాలేదు. ఆ గది పిల్లలు పై ఎన్నికల దాకా గొడుగుల కింద చదువుకున్నారు.