పొదిగే పెట్టె హత్య కేసు

“ఈ లోకంలో ఉన్నవి రెండే మెదళ్ళు, బావమరిదీ. ఒకటి నాది. రెండోది మిగతావాళ్ళంతా వంతులేసుకుని వాడుకుంటున్నది.”

ఇలా సెలవిచ్చింది మా అక్క మొగుడు. వృత్తిరీత్యా మా వర్క్‌షాపులో ప్యాకింగ్ చూస్తాడు. ప్రవృత్తిరీత్యా అపరాధ పరిశోధకుడు. ఇంతవరకూ ఒక్క కేసూ తేల్చలేదు గానీ, తేలిపోయిన కేసుల్ని మళ్ళీ ముడివెయ్యడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఓసారి పక్కింటివాళ్ళ పిల్లి తప్పిపోతే వెతికి తెస్తానని బయల్దేరాడు. సాయంత్రానికి పిల్లి ఇంటికొచ్చేసింది. ఈయన్ని వెతకడానికి పక్కింటివాళ్ళు బయల్దేరారు.

వర్క్‌షాపంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. మా ఇంటి ముందు గదే. కోడిగుడ్లు పొదిగే పెట్టెలు తయారుచేస్తాం. పెట్టెని నడిపే బోర్డు అక్క గీస్తుంది, దానిమీద ముక్కలు అక్కే అతుకుతుంది. ఆ బోర్డులో నడిచే సాఫ్ట్‌వేర్ నేను రాస్తాను. బావ అట్టపెట్టెలకి టేపు అంటిస్తాడు, తన చేతులతో సహా.

ఆ రోజు పొద్దున్నే మా గుమ్మం ముందు వ్యాన్ ఆగింది. అందులోంచి కోళ్ళఫారం పిన్నిగారు దిగారు. మాకేమీ చుట్టం కాదు గానీ అందరూ ఆవిణ్ణి పిన్నిగారనే అంటారు. వెనకాల మేం అమ్మిన పాత పెట్టె ఉంది. లోపలి బోర్డు కాలిపోయి నల్లగా మాడింది. గుడ్లన్నీ దుప్పట్లలో చుట్టి, చుట్టూ వేడినీళ్ళ సంచులు సర్ది, ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు.

“రోగమొచ్చి కోళ్ళన్నీ పోయాయి బాబూ. ఆ జాతిలో మిగిలినవి ఈ గుడ్లే. రేపో మాపో పగలాల్సినవి. ఇవి గనక చల్లబడ్డాయంటే ఫారానికి తాళం వేసుకోవడమే” అన్నారు. చెప్తూ చెప్తూ దుప్పటి అంచు సర్దారు.

పాత రకం బోర్డు ఒక్కటీ మిగల్లేదు. కొత్తగా గీసిన బోర్డు ఒకటుంది, ఇంకా కరెంటు మొహం చూడలేదు. “ఇదే వేద్దాం. నువ్వు ప్రాణం పొయ్యరా” అని అక్క నా చేతిలో పెట్టి, నీళ్ళు కాచడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ప్రాణం పొయ్యడమంటే మంత్రమేం కాదు. కరెంటు ఇవ్వగానే బోర్డులో ముందు ఓ బుల్లి ప్రోగ్రాం లేస్తుంది. దాని పేరు బూట్‌లోడర్. అది మెమరీని తట్టి లేపి, కార్డులో ఉన్న అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌ని, అంటే కెర్నెల్‌ని, తెచ్చి కూర్చోబెట్టి, ఇక నువ్వు చూసుకో అని తప్పుకుంటుంది. వీళ్ళిద్దరూ ఏం చేస్తున్నదీ ఓ సన్నటి వైరు గుండా నా ల్యాప్‌టాప్ తెరమీద అక్షరాలుగా కనబడుతుంది. అంతా సవ్యంగా లేచిందని తెరమీద చూశాకే హీటరూ, వేడినీ తేమనీ కొలిచే సెన్సర్లూ తగిలిస్తాం. లేవని బోర్డుకి హీటరు తగిలిస్తే గుడ్లు పిల్లలు కావు, ఉడుకుతాయి.

కరెంటు ఇచ్చాను. బూట్‌లోడర్ లేచింది. మెమరీ బాగుందంది. కార్డు దొరికిందంది. ‘కెర్నెల్‌ని మొదలుపెడుతున్నాను’ అంది. అంతే, ఆపైన ఒక్క అక్షరం లేదు.

కార్డు మార్చాను. కరెంటిచ్చే అడాప్టర్ మార్చాను. మెమరీ వేగం తగ్గించాను. కెర్నెల్ని మళ్ళీ మొదట్నుంచీ తయారుచేసి ఎక్కించాను. ప్రతిసారీ అదే మాట, ఆ తర్వాత అదే మౌనం. అక్క సంచుల్లో నీళ్ళు మారుస్తోంది. పిన్నిగారు గుడ్ల చుట్టూ దుప్పటి ఇంకాస్త బిగిస్తున్నారు.

సరిగ్గా అప్పుడే పైన చెప్పిన రెండు మెదళ్ళ సిద్ధాంతం వినిపించింది. బావ భూతద్దంతో గుమ్మంలో నిలబడున్నాడు. వానలో తడవకుండా కొనుక్కున్న పొడుగు కోటు వేసుకున్నాడు.

“తలుపులు మూసెయ్యండి! ఎవరూ గది దాటడానికి వీల్లేదు!”

“వంటింట్లో నీళ్ళు పొంగుతున్నాయండీ” అంది అక్క.

“నీళ్ళకి మినహాయింపు ఉంది” అని నావైపు తిరిగాడు. “బావమరిదీ, మృతురాలి చివరి మాటలేమిటి?”

“బోర్డుకి ఆడా మగా ఏమిటి బావా?”

“అడిగినదానికి చెప్పు.”

“‘కెర్నెల్‌ని మొదలుపెడుతున్నాను’ అంది.”

బావ కళ్ళు మూసుకున్నాడు. “మరణ వాంగ్మూలం! అంటే ఆ క్షణం దాకా బతికే ఉంది. కెర్నెల్ అనేవాడు లోపలికొచ్చాడు. వాడొచ్చాక ఇది మళ్ళీ నోరు విప్పలేదు. ఇంతకంటే స్పష్టంగా ఏ శవమైనా చెప్తుందా?”

“బావా, కెర్నెల్ రాసింది... అంటే సర్దింది నేనే.”

“అందుకే నిన్ను అసిస్టెంటుగా పెట్టుకున్నా. అనుమానితుల్ని దగ్గరుంచుకోవాలి.”

వేలిముద్రల కోసం అలమరలోంచి టాల్కం పౌడరు తెచ్చి బోర్డుమీద చల్లబోయాడు. నేను అడ్డం పడ్డాను. పౌడరు నా తలమీద పడింది. అయినా ఓ చిప్పు మీద జిడ్డు ముద్ర ఒకటి దొరికింది. భూతద్దంలో చూసి, ‘బొటనవేలు, లావుపాటి మనిషి, పొద్దున జామ్ తిన్నాడు’ అని తేల్చాడు. పెదవి మీద జామ్ అలాగే ఉంది ఆయనకి.

తర్వాత పిన్నిగారి వంతు. “అమ్మా, ఈ గుడ్లకి శత్రువులెవరైనా ఉన్నారా?”

“ఆమ్లెట్లు తినేవాళ్ళందరూ, బాబూ.”

“ముఠా అన్నమాట” అని బావ గడ్డం గోక్కున్నాడు. ఆవిడ ఒక గుడ్డు తీసి చెంపకి ఆనించి చూసుకుని, “కాస్త చల్లగా ఉందమ్మాయీ” అన్నారు అక్కతో. అక్క మొహం పాలిపోయింది.

ఆ మొహం పాలిపోవడాన్ని బావ వదలలేదు. “ఆహా! ఇంటి మనిషే! నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?”

“మీ చొక్కాలు ఇస్త్రీ చేస్తూ.”

“సాక్షులు?”

“చొక్కాలు.”

“సాక్షులు నా మనుషులే కాబట్టి నమ్ముతున్నా” అని ఆవిణ్ణి వదిలేశాడు. నాకు ఒళ్ళు మండింది. “బావా, గుడ్లు చచ్చిపోతున్నాయి. దయచేసి వెళ్ళి ఓ మూల కూర్చో” అన్నాను. ఆయన మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. మరుక్షణం పెద్దదైంది.

“ఆఖరి అస్త్రం! నేర దృశ్యాన్ని మళ్ళీ ఆడి చూపిస్తా. నేనే కెర్నెల్. నువ్వు బూట్‌లోడర్. నన్ను పిలు!”

నేను పిలవలేదు. ఆయన పిలిపించుకోకుండానే గుమ్మం అవతల్నుంచి, కోటు కాలర్ ఎత్తి, మునివేళ్ళ మీద, హంతకుడి కళ్ళతో లోపలికొచ్చాడు. బల్ల దగ్గర కోటు అంచు వైరుకి చుట్టుకుంది. హంతకుడు బోర్లా పడ్డాడు. ల్యాప్‌టాప్ గాల్లోకి లేచింది. నేను దూకి కడుపుతో పట్టుకున్నాను. వైరు బోర్డులోంచి ఊడి వేలాడుతోంది.

నీళ్ళ కోసం వంటింట్లోకెళ్ళిన అక్క తిరిగొచ్చి చూస్తే ఏమవుతుందో బావకి తెలుసు. నేలమీద్నించే చెయ్యి పైకెత్తి, తడుముకుంటూ, దొరికిన కన్నంలో వైరు గుచ్చేశాడు. పక్కపక్కనే ఒకేలాంటివి రెండు కన్నాలున్నాయి, పోర్టులంటాం వాటిని. ఇంతసేపూ నేను వాడినది మొదటిది. ఆయన గుచ్చింది రెండోదాంట్లో.

తెర నిండా అక్షరాలు కురిశాయి.

‘ఉష్ణ సెన్సర్ కనబడటం లేదు. ఎదురుచూస్తున్నాను. ఉష్ణ సెన్సర్ కనబడటం లేదు. ఎదురుచూస్తున్నాను.’

బోర్డు చావలేదు. ప్రతిసారీ కెర్నెల్ చక్కగా లేచింది, మా ప్రోగ్రాంని నడిపింది, సెన్సర్ ఇవ్వండి బాబూ అని పొద్దున్నుంచీ మొత్తుకుంటూనే ఉంది. పక్క కన్నంలోంచి మొత్తుకుంటోంది.

“అక్కా! ఇది రెండో పోర్టులో ఎందుకు మాట్లాడుతోంది?”

అక్క నీళ్ళ గిన్నెతో వంటింట్లోంచి వచ్చింది. “కొత్త బోర్డులో మొదటి పోర్టు తేమ సెన్సర్‌కి కావాలని, కెర్నెల్ చదువుకునే బోర్డు వివరాల ఫైల్లో దాని మాటలు రెండోదానికి మార్చానురా. బూట్‌లోడర్ పాతదే కాబట్టి అది మొదటిదాంట్లోనే మాట్లాడుతుందనీ చెప్పానుగా!”

“ఎప్పుడు?”

“మొన్న భోజనాల దగ్గర.”

మా సంస్థలో మీటింగులూ మెమోలూ లేవు. ఏ నిర్ణయమైనా అన్నం తింటూ చెప్పుకోవడమే. మొన్న భోజనాల దగ్గర ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. బావ పక్కవీధి సైకిల్ గంట మాయమైన కేసుని, గంట మోతతో సహా, గరిటెతో కంచం మీద వాయిస్తూ వినిపించాడు. అక్క పెదవులు కదలడం చూశాను. పులుసు కావాలా అని అడుగుతోందనుకుని వద్దన్నాను.

అక్కా నేనూ ఒకేసారి నేలవైపు చూశాం. బావ కోటు దులుపుకుంటూ లేస్తున్నాడు.

“కేసు దాదాపు ముగిసింది” అన్నాడు. “శవం బతికింది. ఇక హంతకుడు దొరకాలి.”

“దొరికాడు లెండి” అంది అక్క.

సెన్సర్లు తగిలించాం. హీటరు తగిలించాం. తెరమీద వేడి నెమ్మదిగా పైకి పాకింది. పిన్నిగారు గుడ్లని ఒక్కొక్కటే దుప్పట్లోంచి తీసి పెట్టెలో సర్దారు. “బతుకుతాయంటావా అమ్మాయీ?” అని అడిగితే, అక్క అబద్ధం చెప్పలేక ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత మొగుడివైపు తిరిగింది. “మీకు శిక్ష. ఈ పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. లోపల చప్పుడవుతుందేమో వినండి. నేను చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడ్డానికి వీల్లేదు.”

బావ నోరు తెరిచి, అక్క మొహం చూసి మూసేశాడు.

మర్నాడు పొద్దున రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన పిన్నిగారూ అక్కా నేనూ వంటింట్లో కాఫీ తాగుతున్నాం. బావ పరుగెత్తుకొచ్చాడు. చొక్కా నలిగిపోయింది. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ రెక్కల్లా ఆడించాడు.

“ఫ్యాన్ ఆగిపోయిందా?” అన్నాను. కాదని తల అడ్డంగా ఊపి, వేలితో గోడమీద టకటకా కొట్టాడు.

“ఎవరైనా తలుపు కొడుతున్నారా?” అంది అక్క. ఆయన తల పట్టుకున్నాడు.

పిన్నిగారు కాఫీ గ్లాసు వదిలేసి ముందు గదిలోకి పరుగెత్తారు. మేం వెళ్ళేసరికి పెట్టె అద్దానికి మొహం ఆనించి ఏడుస్తున్నారు. లోపల తడితడిగా, గుప్పెడైనా లేని కోడిపిల్ల ఒకటి పెంకులోంచి మెడ బయటపెట్టి అరుస్తోంది. పక్క గుడ్డు మీద పగులు కదులుతోంది.

అక్క కళ్ళు తుడుచుకుంది. “ఇక మాట్లాడండి. ఏం విన్నారో మీరే చెప్పండి” అంది.

బావ ఆ పిల్లవైపు చూశాడు, పిన్నిగారివైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. ఎంత ప్రయత్నించినా ఆయనకి మాట రాలేదు.