తల మాత్రం పంపండి

భీమవరంలోని ఒక బడి యాజమాన్యం, లెక్కల ట్యూషన్‌కు మూడో తరగతి పిల్లల తలలు మాత్రం పంపితే చాలని, మిగతా ఒళ్ళు ఇంటి దగ్గరే ఉంచుకోవచ్చని జూన్‌లో సర్క్యులర్ పంపినప్పుడు తల్లిదండ్రులు అడిగింది ఒక్కటే, ఫీజేమైనా తగ్గుతుందా అని. తగ్గదన్నారు. పైగా తల పెట్టడానికి లోపల మెత్త కుట్టిన సంచీ ఒకటి బడిలోనే కొనాలన్నారు. సంచీ మీద బడి గుర్తు ఉంటుంది కాబట్టి బయట కొన్నది చెల్లదు.

యాజమాన్యం చెప్పిన కారణాలు సబబుగానే ఉన్నాయి. ఒళ్ళంటూ ఉంటే దానికి దాహం వేస్తుంది, ఒంటేలు వస్తుంది, దోమ కుడుతుంది, బెంచీ కింద కాళ్ళు ఊగుతాయి. వీటన్నిటినీ మించినవి వేళ్ళు. ఎంత చెప్పినా పిల్లలు చెయ్యి గౌను మడతల్లో దాచుకుని వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నారు. "మూడో క్లాసులోనే వేళ్ళు వాడే పిల్ల రేపు ఐఐటీలో ఏం వాడుద్దండి?" అని ట్యూషన్ ఇన్‌ఛార్జి వర్మగారు మీటింగులో అడిగితే తల్లిదండ్రులంతా తలలూపారు. వేళ్ళు ఇంట్లో ఉండిపోతే తల చచ్చినట్టు మనసులోనే లెక్క చేస్తుంది. ఇందులో కాదనడానికేముంది?

సత్యవేణి కూతురు జస్విత. బడి వదలగానే సత్యవేణి కూతురి తలను ఎడమవైపు తిప్పి తీసి, జడలు నలగకుండా సంచీలో సర్ది, ట్యూషన్‌లో దింపి వచ్చేది. మొదట్లో బిగుతుగా ఉంటే మెడ చుట్టూ కొబ్బరినూనె రాయమన్నారు, రాసింది. రాత్రి ఎనిమిదింటికి తెచ్చి మళ్ళీ పెట్టేది. ఈలోపు జస్విత ఒళ్ళు సందులోని మిగతా ఒళ్ళతో కలిసి తొక్కుడుబిళ్ళ ఆడుకునేది. నోళ్ళు లేవు కాబట్టి పోట్లాటలు లేవు. సందు ఇంత ప్రశాంతంగా ఎన్నడూ లేదని పెద్దవాళ్ళు తెగ సంబరపడ్డారు. ఆట అయ్యాక ఆ ఒళ్ళు వంటింట్లోకి వచ్చి, తడుముకుంటూ తల్లి కొంగు పట్టుకుని ఆమె వెనకే తిరిగేది. సత్యవేణికి మొదటివారం గుండె చెరువయ్యేది. తర్వాత కొంగు పట్టుకున్న చేతికి ఓ కరివేపాకు రెమ్మ ఇచ్చి ఆకులు దూయమనేది.

ఇంత చేసినా జస్వితకు పాతికకు తొమ్మిదే వచ్చాయి. పిల్లకు లెక్కలు రాక కాదు. తోటమాలి వరసకు పన్నెండు చొప్పున ఎనిమిది వరసల మొక్కలు నాటితే మొత్తం ఎన్ని అని ఇస్తే, ఎండిపోయినవి తీసెయ్యాలా ఉంచాలా అని ఆలోచిస్తూ కూర్చునేది. టెస్టులో లెక్కకు అర నిమిషం. అర నిమిషంలో మొక్కల మీద జాలిపడడం కుదరదు. మార్కులు చూసి తండ్రి దొరబాబు అన్నం మానేశాడు. ఆయన రొయ్యల మేత అమ్ముతాడు. రొయ్యలకైతే కిలోకు ఎన్ని తూగాయన్న అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది, పిల్లలకు అలా కాకపోవడం ఆయన దురదృష్టం.

నవంబరులో ఒక శనివారం తలలు ఇచ్చే వేళకు కరెంటు పోయింది. ఆయమ్మ చీకట్లో సంచీలు తడిమి తడిమి పంచింది. సత్యవేణి ఇంటికొచ్చి జిప్పు తీస్తే లోపల జస్విత లేదు, పూర్వి ఉంది. పూర్వికి ఏ టెస్టులోనూ పాతికకు పాతిక తప్పింది లేదు.

"నమస్తే ఆంటీ," అంది పూర్వి తల.

సత్యవేణి కంగారుగా వర్మగారికి ఫోన్ చేసింది. ఆయన ఇలాంటివి చాలా చూసినట్టే మాట్లాడాడు.

"రేపు ఆదివారం కదండి, సోమవారం మార్చుకుందురుగాని. అందాకా అదే పెట్టేసుకోండి. మెడ సైజు అందరిదీ ఒకటేనండి."

పెట్టింది. సరిగ్గా సరిపోయింది. ఆదివారం పొద్దున్న దొరబాబు కాఫీ తాగుతూ అలవాటుకొద్దీ పదిహేడార్లు ఎంతమ్మా అన్నాడు. గ్లాసు కింద పెట్టేలోపే నూటరెండు అని జవాబొచ్చింది. ఆయన తలెత్తి చూశాడు. పిల్ల మొహం మారిన సంగతి అప్పుడే గమనించాడు.

"ఎవరీ పిల్ల?"

"పూర్వి అంటండి. రేపు ఇచ్చేయాలి."

"రేపు టెస్టు కదే," అన్నాడు దొరబాబు.

సోమవారం పొద్దున్న సత్యవేణి, ఈ తలతో టెస్టు రాస్తే మార్కులు ఎవరికని వర్మగారిని అడిగింది. మార్కులు రోల్ నంబరుకు పడతాయి, రోల్ నంబరు బొటనవేలి ముద్రకు ఉంటుంది, వేలు ఒంటిది, కాబట్టి ఏ తల రాసినా మార్కులు జస్వితవే అని ఆయన వివరించాడు. అలాగైతే టెస్టయ్యాకే మార్చుకుందామంది సత్యవేణి. పాతికకు పాతిక వచ్చాయి. బడి వాట్సాప్ గ్రూపులో "జస్విత వాళ్ళ మమ్మీకి కంగ్రాట్స్" అని పూలగుత్తులు వచ్చిపడ్డాయి. ఇంతకాలం ఆ గ్రూపులోవాళ్ళెవరూ ఆమె మొహం చూసి నవ్వింది లేదు. దొరబాబు ఆ మార్కుల కాగితం పట్టుకుని మేత బస్తాల మధ్య నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

పూర్వి తల కోసం వాళ్ళమ్మ ఏమాత్రం గొడవ చెయ్యకపోవడం సత్యవేణికి వింతగా అనిపించింది. అడిగితే వర్మగారు చెప్పాడు. ఆ శనివారం చీకట్లో పూర్వి వాళ్ళమ్మ, పొరపాటున కాదు, సెల్‌ఫోన్ లైటు వేసుకుని మరీ వెతికి, జిల్లా ఫస్టు వచ్చిన తన్వి తలను తీసుకెళ్ళింది. తన్వి వాళ్ళమ్మది బ్యాంకు ఉద్యోగం, వచ్చేసరికి ఎప్పుడూ ఆలస్యమే. ఆమె వచ్చేటప్పటికి జస్విత తల ఒక్కటే మిగిలింది. తొమ్మిది మార్కులని తెలుసుకుని, ఇది కాస్త మెరుగయ్యాక తీసుకెళ్తాలెండి అందిట. తల లేని ఒళ్ళు ఇంట్లో పేచీ పెట్టడం లేదు, సెల్‌ఫోన్ అడగడం లేదు, తొందరేం లేదందిట. అప్పటినుంచి జస్విత తల ట్యూషన్‌లోనే అరమీద ఉంటోంది. పగలూ రాత్రీ ఎక్కాలు వినే అవకాశం మిగతావాళ్ళకు లేదు కదా అని వర్మగారు సంతోషించాడు.

సత్యవేణి ట్యూషన్ మేడ ఎక్కడం మానేసింది. సంచీ గేటు దగ్గరే ఆయమ్మకు ఇచ్చి, అక్కడే తీసుకునేది. ఆమెకు సిగ్గేసేది. సిగ్గును మించి, పిల్ల కనిపిస్తే తెచ్చేసుకుంటానేమోనని భయమేసేది. ఇంట్లో పూర్వి తలకు వేళకు పాలు, బాదంపప్పు అమరుస్తూనే ఉంది. ఆ పిల్ల నవ్వదు, కథ చెప్పమనదు, అన్నం ముద్ద నోట్లో పెడితే ఇంకెన్ని ముద్దలు అని అడుగుతుంది. చేతులు మాత్రం పాత అలవాటు మానలేదు, సత్యవేణి కొంగు పట్టుకుంటాయి. పూర్వి ఆ చేతుల వైపు అయోమయంగా చూసి, "సారీ ఆంటీ, ఇవి నా మాట వినట్లేదు," అనేది.

మార్చిలో వర్మగారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. జస్విత తల వారం రోజులుగా నోరు విప్పడం లేదు, నోటి లెక్కల్లో సున్నా వచ్చింది, ఒకసారి వచ్చి చూడమన్నాడు. ఆ రాత్రి సత్యవేణి ఒక నిర్ణయానికి వచ్చి మేడ ఎక్కింది. ఇక చాలు, మార్కులు గోదాట్లో కలవనీ, నా పిల్లను నేను తీసుకెళ్తానని మెట్లెక్కుతున్నంతసేపూ అనుకుంది.

జస్విత అరమీద ఉంది. జడలు ఎప్పుడో ఊడిపోయి ముంగురులు కళ్ళలో పడుతున్నాయి. తల్లిని చూడగానే కళ్ళు వెడల్పయ్యాయి కానీ పెదవులు బిగించే ఉన్నాయి.

"చూశారా, ఇదీ వరస," అన్నాడు వర్మగారు. "మొండితనమండి."

సత్యవేణి కొంగుతో పిల్ల మొహం తుడిచి, దగ్గరగా వంగి, "ఏంటమ్మా, అమ్మతో కూడా మాట్లాడవా?" అంది. జస్విత మెల్లగా నోరు తెరిచింది. నాలుక చివర చిన్న పన్ను ఉంది.

"ఊడిపోయిందమ్మా. ఆయమ్మకిస్తే చెత్తలో పారేస్తదని బుగ్గలో పెట్టుకున్నా. నువ్వొస్తే పెంకుల మీద వేస్తావని."

సత్యవేణి ఆ పన్నును అరచేతిలోకి తీసుకుని భోరున ఏడ్చింది. వర్మగారు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఏడుపు సద్దుమణిగాక మెల్లగా కదిలించాడు.

"తీసుకెళ్తానంటే మీ ఇష్టమండి. మీ తల మీరు తీసుకెళ్తే కాదనేదెవరు? కాకపోతే ఎల్లుండి యాన్యువల్. ఏ సెక్షన్ వచ్చేదీ దాన్నిబట్టే. ఒకసారి బి సెక్షన్‌లో పడితే పదో క్లాసుదాకా బి సెక్షనేనండి."

జస్విత ఊడిన పన్ను సందులోంచి నాలుక బయటపెట్టి తల్లికి చూపించి నవ్వింది.

"ఎల్లుండి అయిపోగానే వచ్చేస్తానమ్మా," అంది సత్యవేణి.

"ఎల్లుండి అంటే ఎప్పుడమ్మా?"

సత్యవేణి ముంగురులు వెనక్కి దువ్వి, రెండు జడలూ గట్టిగా వేసి, పన్నును కొంగున ముడేసుకుని, పూర్వి ఉన్న సంచీ తీసుకుని దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే తమ ఇంటి మేడమీదికి పిల్లను తీసుకెళ్ళి, పక్కింటి పెంకుల మీద వెయ్యమని ఆ పన్ను చేతికిచ్చింది. పూర్వి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నాది కాదు కదాంటీ."

"ఎవరిదైతే ఏంటమ్మా, వేసెయ్," అంది సత్యవేణి.

చేతులు పన్నును పెంకుల మీదికి విసిరాయి. నోరు పదమూడో ఎక్కం మొదలుపెట్టింది. ఎక్కడైనా తప్పుతుందేమోనని సత్యవేణి పిట్టగోడ మీద కూర్చుని శ్రద్ధగా వింది.