రొయ్యల కంపెనీవారి విమానం

ఎనభై నాలుగో సంవత్సరం ఆగస్టులో విశాఖపట్నానికి పట్టిన ముసురు పదిరోజులైనా వదల్లేదు. సీతమ్మధారలో గురునాథరావు ఇంట్లో బట్టలు ఆరలేదు, అగ్గిపుల్ల వెలగలేదు, గురునాథరావు మొహమూ వెలగలేదు.

మొహం వెలగకపోవడానికి ముసురొక్కటే కారణం కాదు. వచ్చే మార్చిలో ఆయన రిటైరవుతున్నాడు. హార్బరు దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో వాహనాల గుమాస్తా. ముప్పై ఏళ్లలో లారీలు కొనిపెట్టాడు, జీపులు కొనిపెట్టాడు, కార్లు కొనిపెట్టాడు. ఇంటికి మాత్రం సైకిలు మీదే వచ్చాడు.

పైగా బావమరిది కొండలరావు ఒకడు. స్టీలు ప్లాంటువాళ్లు ట్రైనింగుకి పంపిస్తే ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, విమానం ఎక్కాడు. అప్పట్నుంచీ కూర్మన్నపాలెం నుంచి సిటీబస్సులో వచ్చినా విమానం దిగినట్టే దిగుతాడు.

"బావా, పైనుంచి సూత్తే మన ఊరు ఉల్లిపొర ముక్కంత ఉంటది. నువ్వు సూడలేదు కదా, నీకేటి తెలుత్తాది!" అని మూడేళ్లుగా అంటున్నాడు.

అలాంటి రోజుల్లో ప్రొప్రయిటరు భీమశంకరరావుగారు కబురు పెట్టారు. భీమవరం వైపునుంచి వచ్చిన మనిషి. నిండుగా మీసాలు. 'రొయ్యకు లేవా బారెడు మీసాలు' అన్న సామెత ఆ కంపెనీ ఆవరణలో ఎవరూ ఎత్తరు.

"గురునాథం, చిన్న విమానం ఒకటి కొందామనుకుంటున్నాను. తరచుగా మద్రాసు వెళ్లి రావాలి. ఏ రకమైతే మనకి పనికొస్తుందో చూసి చెప్పు."

"ఎంతమంది ఎక్కుతారండి?"

ఆయన కిటికీలోంచి వానకేసి చూశారు. "వ్యాపారం పనయ్యా. నువ్వు చూడు" అన్నారు. అంతే. ఈమధ్య ఆయన దేనికీ పెద్దగా నోరు విప్పడం లేదు.

గురునాథరావు రెండోసారి అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వచ్చి తన ఆశకి అడ్డం పడుతుందని భయం.

బొంబాయిలోని విమానాల దళారీ రంగురంగుల పుస్తకాలు పంపాడు. గురునాథరావు వాటిని కళ్లకద్దుకుని చదివాడు. రెక్కలకి పంకాలు తిరిగే ఆరు సీట్ల విమానమైతే గుమాస్తాకి కింద నిలబడి చెయ్యి ఊపే ఉద్యోగమే. ఎనిమిది సీట్ల జెట్టైతే మేనేజరు చుట్టాలకే సరి. పన్నెండు సీట్ల జెట్టైతే ఎవరెంత తోసినా ఓ మూల ఒక సీటు మిగలకపోదు. ఆ మూలలో తను. రిటైరయ్యే లోపల ఒక్కసారి. కొండలరావు నోటికి శాశ్వతంగా తాళం.

ఒకటే చిక్కు. పుస్తకం చివర చిన్నక్షరాల్లో ఆ జెట్టుకి ఎంత పొడవు రన్‌వే కావాలో రాసుంది. ఎయిర్‌పోర్టులో తెలిసినాయన ఒకాయన అది చూసి "మన ఊళ్లో బొటాబొటీ అండీ. వానొస్తే అదీ లేదు" అన్నాడు. గురునాథరావు ఆ వాక్యం మీద రొయ్యల డబ్బాకి అంటించే లేబులు ఒకటి అంటించేశాడు.

సోమవారం భీమశంకరరావు దొరగారికి చూపించాలి. ఆదివారం పొద్దున్నే హాల్లో ముగ్గుపిండితో జెట్టు కొలతలకి గీతలు గీశాడు. ఇంట్లో కుర్చీలు నాలుగు, పక్కింటివి మూడు, ట్రంకుపెట్టె, కుట్టుమిషను స్టూలు, రెండు పీటలు, బియ్యం డ్రమ్ము. పన్నెండూ సరిపోయాయి.

భార్య తాయారు వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏటండీ ఇది? ముగ్గులు మొగోళ్లు ఎప్పట్నుంచి ఎయ్యడం?"

"ముగ్గు కాదే, జెట్టు."

"జెట్టా? నాను జెష్టాదేవి అనుకున్నాను. బియ్యం డ్రమ్ము మీద ఎవరు కూసుంటారు?"

"ఎవరో చిన్న ఉద్యోగి..." అని నసిగాడు.

"ఆ సిన్న ఉద్యోగికి బట్టతలుంటాదా?"

గురునాథరావు పుస్తకంలో తల దూర్చేశాడు.

అంతలో కొండలరావు దిగాడు. సంగతి విని, అనుభవజ్ఞుణ్ణి కాబట్టి పైలట్‌ని నేనేనన్నాడు. సత్తు పళ్లెం స్టీరింగులా చేతబట్టి ముందు కుర్చీలో కూర్చున్నాడు. పక్కింటి జగ్గయ్య దంపతులు, జగ్గయ్య అత్తగారు గంగాలమ్మ తమ కుర్చీలకోసం వచ్చి, వాటిలోనే ప్రయాణికులైపోయారు.

"అందరూ నడుంకి తువ్వాళ్లు కట్టుకోండి. బావా, లేత్తన్నాం!" అని కొండలరావు కుర్చీతోసహా వెనక్కి వాలాడు. కుర్చీ కాలు విరిగింది. పైలట్ వెళ్లి ట్రంకుపెట్టె మీద, ట్రంకుపెట్టె వెళ్లి డ్రమ్ము మీద పడ్డాయి. బియ్యం జెట్టంతా పరుచుకుంది. గంగాలమ్మ ఆ తువ్వాలు ముడి విప్పుకోలేక "నన్ను దింపీయండిరా!" అని ఏడుపు లంకించుకుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో భీమశంకరరావుగారు, తడిసిన గొడుగుతో.

"తాయారమ్మా, ఓసారి ఇంటికొస్తావా? రామలక్ష్మి నిన్ను తీసుకురమ్మంది" అన్నారు. తర్వాత నేలకేసి చూశారు. "ఏంటయ్యా గురునాథం ఇది?"

"పన్నెండు సీట్ల జెట్టండి. మీ హోదాకి ఇదే తగునండి."

తాయారు కొంగుతో చేతులు తుడుచుకుంది. "అయ్యగారూ, ఒక్క మాట. ఇందులో అమ్మగార్ని ఎక్కడ పడుకోబెడతారండి?"

కొండలరావు పళ్లెం కింద పెట్టేశాడు.

భీమశంకరరావుగారి భార్య రామలక్ష్మమ్మగారు రెండేళ్ల క్రితం మెట్ల మీంచి పడి వెన్నుపూస దెబ్బతిని మంచాన పడ్డారని ఊళ్లో అందరికీ తెలుసు. మూడు వారాలకోసారి మద్రాసు వైద్యానికి మెయిలు రైల్లో తీసుకెళ్తారనీ తెలుసు. ప్రతి గురువారం వెళ్లి ఆవిడకి తల దువ్వి జడవేసే తాయారుకి ఇంకొంచెం తెలుసు. రైలు పట్టాల అతుకు దగ్గర ఎగిరినప్పుడల్లా ఆవిడ కేక బయటికి రాకుండా పెదవి కొరుక్కుంటారు. పద్నాలుగు గంటలపాటు.

భీమశంకరరావుగారు స్టూలు మీద మెల్లగా కూలబడ్డారు. "వ్యాపారమని చెప్పాను" అన్నారు, ఎవరితోనో అన్నట్టు. "ఆవిడ సంగతి చెప్పడానికి నోరు రాలేదు."

తాయారు కుట్టుమిషను టేపు తెచ్చి ముగ్గు గీతల్లో గుమ్మం కొలిచింది. "మీ ఇంట్లో స్ట్రెచరు నాను వారం వారం సూసేదే కదండీ. ఇందులో తిరగదు. నిలబెట్టి ఎక్కించాలి. అమ్మగారు నిలబడగలిగితే మద్రాసెందుకండి?"

తర్వాత పుస్తకం తీసుకుంది. "రొయ్యల లేబులు ఇక్కడెందుకంటించారేటండీ?" అని పీకేసి దొరగారి చేతికిచ్చింది.

ఆయన చదివారు. "గురునాథం, ఇది మన ఊళ్లో దిగదా?"

"దిగుతాదండి..." గురునాథరావు ముగ్గు గీతని కాలితో చెరుపుతూ అన్నాడు. "వాన లేకపోతే."

అందరూ ఒక్కసారి కిటికీకేసి చూశారు.

భీమశంకరరావుగారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ముప్పై ఏళ్ల మనిషివి" అని మాత్రం అన్నారు. గురునాథరావు చీపురు తెచ్చి, తలెత్తకుండా బియ్యం పోగు చేశాడు.

వెడల్పు తలుపున్న పాత పంకాల విమానం ఒకటి బొంబాయిలో దొరికింది. తాయారు అడిగిన ప్రశ్నలన్నీ ఈసారి గురునాథరావే దళారీని అడిగాడు. నాలుగు సీట్లు పీకించి స్ట్రెచరుకి చోటు చేయించాడు. మిగిలినవి రెండు. ఒకటి దొరగారికి. రెండోదానికి ఎవరు కావాలో రామలక్ష్మమ్మగారే చెప్పారు.

మాఘమాసంలో ఓ మబ్బు పట్టిన పొద్దున, నలుగురూ చూడకుండా ఉండాలన్న ఆవిడ మాట కోసం గురునాథరావు రన్‌వే పక్కన రెండు దుప్పట్లు తెరలా పట్టించాడు. స్ట్రెచరు లోపలికి వెళ్లింది. వెనకే తాయారు, అద్దకం చీరలో, మంచినీళ్ల చెంబుతో. తలుపు మూసేశారు. అది లేచి మబ్బులో కలిసిపోయేదాకా ఆయన దుప్పటి చెంగు వదల్లేదు.

మర్నాడు సాయంత్రం తాయారు తిరిగొచ్చేసరికి ఆయన అన్నం మాడబెట్టి కూర్చున్నాడు.

"డాక్టరేటన్నాడు?"

"ఇంక నడవరంటండి. నొప్పి మటుకు తగ్గుతాదంట." చెంబు కింద పెట్టింది. "ఎల్లీటప్పుడు నిద్రపోయారండి. రైల్లో ఎప్పుడూ పోలేదంట."

గురునాథరావు విస్తరి వేశాడు. నీళ్లు పెట్టాడు. ఇక ఆగలేకపోయాడు.

"ఏమే... పైనుంచి మన ఊరు ఎలాగుంది?"

"సూడలేదండి."

"సూడలేదా? కిటికీ పక్కనే కదే!"

"ఆవిడ నా సెయ్యి పట్టుకుని పడుకున్నారు. అటు తిరిగితే లేత్తారని ఇటే సూత్తా కూసున్నాను." మాడు పక్కకి తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. "మూడు వారాల్లో మళ్లీ ఎల్లాలంట. ఈలోపల అన్నం వార్సడం నేర్సుకోండి."

"సరేనే" అన్నాడు గురునాథరావు.