నడుము వంగని నివేదిక

ఇందుమూలంగా సకల జనులకూ తెలియజేయడమేమనగా, కుండలినీ యోగానికీ మిగతా యోగాలకూ ఉన్న తేడాపాడాలన్నిటినీ వివరిస్తూ నూట పన్నెండు పేజీల నివేదిక ఒకటి సిద్ధమైంది. దాన్ని తయారు చేసినవాడు తన బూటు లేసు తాను కట్టుకోలేని ఒక ఉద్యోగి. ఇందులో వింతేమీ లేదు. ఒడ్డున కూర్చున్నవాడికే కదా ఏరు ఎంత లోతో బాగా తెలిసేది!

ఆ ఉద్యోగిని ఆఫీసులో గళ్లాయన అంటారు. ఆయన పనిచేసేది కొనుగోళ్ల విభాగంలో. గుండుసూది దగ్గర్నుంచి గోడగడియారం దాకా ఆ ఆఫీసు ఏది కొనాలన్నా ముందు రకరకాల నమూనాలు తెప్పించాలి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చాలి, పోల్చి పట్టిక గీయాలి. ఇరవై ఏడేళ్లుగా ఆ గళ్లు గీస్తున్నది ఆయనే. స్కేలు పెట్టి గీత గీశాడంటే చీమ కూడా దాని పక్కనుంచే నడవాలనిపిస్తుంది.

ఆ విభాగంలో ఒక నియమం ఉంది. పోల్చేవాడు సరుకును వాడకూడదు. వాడితే మోజు పుడుతుంది, మోజు పుడితే పక్షపాతం వస్తుంది. ఈ నియమం ఏ పుస్తకంలోనూ లేదు. గళ్లాయన ఉద్యోగంలో చేరిన మొదటి రోజున ఒక ముసలి గుమాస్తా టీ తాగుతూ చెప్పాడు. నోటిమాట నియమాలకు ఉండే బలం రాతలో ఉన్నవాటికి ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని గళ్లాయన కుర్చీలను నిలబడే పోల్చాడు. ఫ్యాన్లను చెమటలు కక్కుతూ పోల్చాడు. మంచినీళ్ల ఫిల్టర్లను మూడు రోజులు నాలుక పిడచకట్టుకుపోతున్నా గుక్కెడు తాగకుండా పోల్చి, అప్పటి పై అధికారి చేత శభాష్ అనిపించుకున్నాడు. కూర్చోకుండా ఎంపిక చేసిన ఆ కుర్చీలోనే ఆ తర్వాత పందొమ్మిదేళ్లు కూర్చున్నాడు. నడుము సంగతి అక్కడే మొదలైంది.

ఒకరోజు ఆఫీసు మెట్లమీద బూటు లేసు ఊడింది. కట్టుకుందామని వంగబోయాడు. తల వంగింది, భుజాలు వంగాయి, నడుము మాత్రం నాకేం సంబంధం లేదన్నట్టు నిలబడింది. చివరికి గేటు కాపలావాడు కట్టాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే లేసులు కట్టే పని భార్యదయింది.

"ఈ ఇంట్లో వంగని సామాన్లు రెండే. ఒకటి బీరువా, రెండోది నేను," అన్నాడాయన నవ్వుతూ.

"బీరువాకి కనీసం తలుపులైనా తెరుచుకుంటాయి," అంది భార్య, ముడి బిగించి లేస్తూ.

నవ్వులాట ఎలా ఉన్నా లోపల ఒక దిగులు ఉంది. వాళ్ల కూతురికి ఆ నెలలోనే ఆడపిల్ల పుట్టింది. కూతురి ఇల్లు రెండు వీధుల అవతల. గళ్లాయన వెళ్లి మంచం పక్కన కూర్చుంటే ఎవరో ఒకరు పిల్లను తెచ్చి ఒళ్లో పెట్టేవారు, మళ్లీ ఎవరో ఒకరు వచ్చి తీసుకునేవారు. తన చేతులతో వంగి ఎత్తుకున్నది లేదు. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "ఎముక అరగలేదు, వాడకం లేక బిగుసుకుపోయింది. ఏదో ఒక యోగా ఇవాళే మొదలుపెట్టండి. మనవరాలు పాకే నాటికి ఎత్తుకుంటారు," అన్నాడు.

డాక్టరు మంచివాడే, కానీ "ఏదో ఒక" అన్నాడు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో గళ్లాయన దస్త్రాల మీదికి ఆ మాట ఎన్నడూ రాలేదు. ఏదో ఒక పెన్సిలు కొన్నారా? ఏదో ఒక చీపురు కొన్నారా? చీపురుకే ఆరు రకాలు పోల్చిన మనిషి వెన్నెముకను "ఏదో ఒక" దాని చేతిలో పెడతాడా? ఆ రోజే కొత్త నోటుబుక్కు తెరిచి నిలువు గీత గీశాడు.

ఊళ్లో పద్నాలుగు రకాల యోగాలు దొరుకుతున్నాయని విచారణలో తేలింది. ఒక్కొక్కదానికి పది రోజులు కేటాయించాడు. ప్రతి తరగతికీ వెళ్లి, తలుపు పక్కన కుర్చీ వేయించుకుని, బూట్లు విప్పకుండా రాసుకునేవాడు. చాప మీదికి రమ్మంటే, "నేను పరిశీలకుణ్ణండీ," అని వినయంగా చెప్పేవాడు. ఆ మాట వినగానే పంతుళ్లు పొట్టలు లోపలికి లాక్కుని, ఎప్పుడూ వేయని ఆసనాలు వేసి చూపించి, మర్నాడు సెలవు పెట్టేవారు.

హఠయోగం నిదానస్తుల వ్యవహారమని నమోదు చేశాడు. ఒక్కో ఆసనం వేసి, అందులో కాసేపు ఉండి, దిగి, మళ్లీ ఇంకోటి. మరోచోట ఆసనానికీ ఆసనానికీ మధ్య ఊపిరి సలపనివ్వరు. బస్సు వెళ్లిపోతున్నట్టు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకాలి. తాళ్లూ దిమ్మలూ దిండ్లూ పెట్టుకుని చేసేది ఇంకొకటి. అక్కడ మనిషిని గోడకు కట్టి సరిచేస్తారు. కొలిమిలాంటి గది చేసి అందులో వంచే యోగా ఒకటుంది. దాని గురించి "ఇనుము సంగతి తెలిసినవారు రూపొందించినట్టున్నది" అని రాశాడు. పడుకుని కళ్లు మూసుకుని చేసే యోగనిద్ర ఆఫీసు సిబ్బందికి శిక్షణ అవసరం లేకుండానే వచ్చునని ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

కుండలినీ యోగం అట్టడుగు వరసలో మిగిలింది. కారణం, అది ఎదురింటి మేడ మీదే ఉంది. ఇంటిముందరిది ఎప్పుడైనా చూడొచ్చులే అనుకున్నాడు. రిటైరైన ఒక నర్సమ్మ అక్కడ నేర్పుతుంది. వెన్నెముక అడుగున మూడున్నర చుట్లు చుట్టుకుని ఒక శక్తి నిద్రపోతూ ఉంటుందనీ, ఊపిరితోనూ మంత్రంతోనూ దాన్ని మెల్లగా లేపి తలదాకా ఎక్కించాలనీ ఆ పద్ధతివాళ్ల నమ్మకం. మిగతావాళ్లు ఒంటితో మొదలుపెడితే వీళ్లు లోపలినుంచి మొదలుపెడతారు; ఆసనాలు తక్కువ, కూర్చోవడం ఎక్కువ. తన వెన్ను అడుగున ఏదో పట్టుకుని కూర్చుందని గళ్లాయనకు ముందే తెలుసు గానీ అది శక్తి అని అనుకోలేదు. పైగా హాయిగా నిద్రపోతున్నదాన్ని లేపడం ఏ ఆఫీసులోనైనా మర్యాద కాదు.

ఆయన తలుపు పక్కన కూర్చుని గళ్లు గీస్తుంటే నర్సమ్మ దగ్గరకొచ్చింది.

"రాతకోతలు తర్వాత చూసుకుందురు గాని, ముందు ఊపిరి తీసుకోండి బాబూ," అంది.

నర్సు ఊపిరి తీసుకోమంటే తీసుకోవడం మనుషులకు ఆస్పత్రుల్లో అలవాటైన పని. ఆయన ప్రమేయం లేకుండానే ఊపిరి లోపలికి వెళ్లింది. "వదలండి. మళ్లీ తీసుకోండి. బొడ్డు లోపలికి," అంటూ ఆవిడ ముందుకు వెళ్లిపోయింది. గదిలో ఇరవైమంది ఊపిరి ఒకటే లయలో సాగుతోంది. గళ్లాయన కళ్లు మూతపడ్డాయి. ఎంతసేపయిందో తెలియదు. గీత వంకర పోయిందన్న బెంగ లేదు, రేపటి దస్త్రం లేదు. నడుము అడుగున గోరువెచ్చగా ఏదో కదిలినట్టయింది. కళ్లు తెరిచేసరికి పెన్ను నేలమీద ఉంది. వంగి తీసుకున్నాడు.

తీసుకున్నాక తెలిసింది, వంగానని.

మీరైతే సంతోషించేవారు. గళ్లాయనకు ముచ్చెమటలు పోశాయి. ఇరవై ఏడేళ్లుగా కాపాడుకుంటూ వచ్చిన నిష్పాక్షికత ఒక్క ఊపిరితో మంట గలిసింది! సరుకును వాడేశాడు. వాడటమే కాదు, అది బాగుంది కూడా. చుట్టూ చూశాడు, ఎవరూ గమనించలేదు. రిమార్కుల గడిలో ఇలా రాశాడు: "పరిశీలన సమయంలో పెన్ను కింద పడినది. తీసుకోవడమైనది." ఎవరు తీశారో రాయలేదు. ఇక ఆ మేడ ఎక్కితే నివేదికకు కళంకమని తీర్మానించుకుని, మిగిలిన తొమ్మిది రోజుల పరిశీలన తన కిటికీలోంచి జరిపాడు. మర్నాటికి నడుము మళ్లీ తన పాత ఉద్యోగంలో చేరింది.

నివేదిక పూర్తయి ఆఫీసులో తిరగసాగింది. దాని ప్రభావం అమోఘం. నెల తిరక్కుండానే సిబ్బంది రెండు పక్షాలయ్యారు. టీ గదిలో కుండలినీ పక్షం ఒక బల్ల, హఠయోగ పక్షం ఇంకో బల్ల. వీళ్లు వాళ్లను ఒళ్లు విరుచుకునే సర్కస్‌వాళ్లన్నారు. వాళ్లు వీళ్లను కూర్చున్నచోటే బుసకొట్టే బాపతన్నారు. ఎవరికి వారు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పేజీ నంబర్లతో సహా వాదించుకున్నారు. ఒకరిద్దరు చొక్కాలు పట్టుకున్నారు కూడా. వాళ్లలో ఒక్కరంటే ఒక్కరు చాప కొన్న దాఖలా లేదు.

పై అధికారి ముచ్చటపడి గళ్లాయనకు సన్మానం పెట్టించాడు. సభలో ఆ అధికారి మెత్తటి సోఫాలోంచి ఇద్దరి సాయంతో లేచి మైకు ముందుకొచ్చి ఇలా ప్రసంగించాడు:

"మిత్రులారా! మన పూర్వులు యోగా చేశారు. అది వాళ్ల ఓపిక. కానీ చేయకుండానే అందులోని సారమంతా పిండి మనకందించిన మహానుభావుడు మన గళ్లాయన! ఈ నివేదిక చదివాక నాకు స్వయంగా పద్నాలుగు రకాల యోగాలు చేసినంత అలసట కలిగింది. ఇక నేను వేరే చేయాల్సిన అవసరం లేదని భావిస్తున్నాను!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. అధికారి పొట్టివాడు. దండ వేయడానికి గళ్లాయన కాస్త వంగాలి. కుదరలేదు. అధికారిని స్టూలు ఎక్కించారు. తులనాత్మక యోగి అన్న బిరుదు ఆ స్టూలు మీదినుంచే ప్రదానం జరిగింది. గళ్లాయన అందరితోపాటు నవ్వాడు. నవ్వుతూనే, బిరుదు తనకిచ్చారు గానీ ఆసనం వేసింది మాత్రం అధికారేనని లోలోపల అనుకున్నాడు.

ఆ ఆదివారం కూతురు పిల్లను తీసుకొచ్చి పుట్టింట్లో వదిలి ఏదో పని మీద వెళ్లింది. భార్య పొద్దుటిపూట ఎదురింటికి వెళ్లింది. ఆయన కిటికీ పరిశీలన ముగిసిన దగ్గర్నుంచీ ఆ వేళకు ఆవిడ ఎదురింటికి వెళుతూనే ఉంది. ఇరుగుపొరుగు కబుర్లకనుకున్నాడు గళ్లాయన. హాల్లో ఆయనా, నేలమీద పరిచిన దుప్పటి మీద మనవరాలూ మిగిలారు. పిల్ల అప్పటికి పాకుతోంది. పాకుతూ వచ్చి ఆయన పాదాల దగ్గర ఆగింది. మొహం పైకెత్తి చూసి, బోసినవ్వు నవ్వి, రెండు చేతులూ చాచింది.

గళ్లాయన గుండె నీరైపోయింది. వంగబోయాడు. తల వంగింది, భుజాలు వంగాయి. చేతులు మోకాళ్ల దగ్గర ఆగిపోయాయి. పిల్ల చేతులు దించలేదు. ఓపిగ్గా చూసింది. ఇంకొంచెం సేపు చూసింది. తర్వాత పక్కనున్న కుర్చీ వైపు చూసింది, మళ్లీ తాతవైపు చూసింది. ఏ గడీ గీయకుండా, ఏ రిమార్కూ రాయకుండా పాక్కుంటూ వెళ్లి కుర్చీకాలు పట్టుకుని లేచి నిలబడింది.

ఇరవై ఏడేళ్ల సర్వీసులో అంత స్పష్టమైన తులనాత్మక నిర్ణయం ఆయన చూడలేదు. కళ్లు తడిశాయి.

భార్య వచ్చింది. వస్తూనే వంగి, ఒక్క చేత్తో పిల్లను ఎత్తి చంకనేసుకుంది.

"నీకు నడుం నొప్పి ఉండేది కదే?" అన్నాడాయన ఆశ్చర్యంగా.

"నర్సమ్మ దగ్గర ఊపిరి పాఠాలకి వెళుతున్నాగా, తగ్గింది."

"అది కుండలినీ యోగం. తెలుసా నీకు?"

"ఏమోనండీ. పేరు అడగలేదు."

"మరి పద్నాలుగింటిలో అదే ఎందుకు ఎంచుకున్నావ్?"

"ఎదురిల్లు కదా!"

గళ్లాయన నివేదిక తీసి తిరగేశాడు. పట్టికలో ఉన్న ఇరవై మూడు గళ్లలో "ఇంటికి ఎంత దూరం" అన్న గడి లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని సామెత. ఈయన చంకలో ఆ పిల్ల కూడా లేదు.

భుజం మీదుగా తొంగిచూస్తున్న భార్య వేలు ఒకచోట ఆగింది. "పెన్ను కింద పడినది, తీసుకోవడమైనది... ఎవరు తీశారండీ?"

ఆయన నీళ్లు నమిలాడు. "నేనే."

"మీరా? వంగారా?"

"ఒక్కసారి."

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

"పక్షపాతం అనుకుంటారని."

నవ్వుతుందేమో అనుకున్నాడు. నవ్వలేదు. పిల్లను ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. "పెన్ను కోసం వంగిన నడుము దీని కోసం వంగకపోయె," అంది మెల్లగా. ఆ మాట ఆయనకు డాక్టరు సూదికన్నా లోతుగా దిగింది.

"రేపట్నుంచి నేనూ వస్తాను," అన్నాడు.

"రండి. కానీ ఆ నోటుబుక్కు ఇంట్లో పెట్టి రండి."

ఆ షరతు ప్రస్తుతం పరిశీలనలో ఉంది.

పాఠకులు గళ్లాయనను చూసి నవ్వుకోవచ్చు, దానికి అనుమతి అక్కర్లేదు. కానీ ఇంతసేపూ కుండలినీ గెలుస్తుందా, హఠం గెలుస్తుందా అని చూశారే గాని, ఒక్కసారైనా నడుము నిటారుగా పెట్టి ఊపిరి తీసుకున్నారా? ఇదిగో, ఇప్పుడు సర్దుకుని కూర్చున్నారు. కంగారు పడకండి, ఎవరికీ చెప్పం. ఇది రాసినవాడు కూడా ఈ వాక్యం దగ్గరే సర్దుకుని కూర్చున్నాడు. వాడి లేసులు ఇవాళ పొద్దున కూడా వాళ్లావిడే కట్టింది.