గ్రహాంతర దాడి అనంతరం కంకిపాడులో రుబ్బురోలు

వెంకటప్పయ్యగారు ఆ ఉదయం మెయిన్ బోర్డులోని ఫ్యూజు పీకి, పంచె మడతలో దాచుకుని, దొంగ నడకతో వంటగదిలోకి వెళ్లి, బియ్యం డ్రమ్ములో లోతుగా పాతిపెట్టారు. జీవితమంతా కళాశాలలో ఇంగ్లీషు బోధించిన పెద్దమనిషి ఇంతటి పనికి దిగడానికి కారకులు గ్రహాంతరవాసులు.

విజయవాడ ప్రచురణకర్త ఒకాయన, 'ఊదా మేఘం' అనే వెబ్ సీరీస్‌కు అనుబంధంగా ఆయనచేత నవల రాయిస్తున్నాడు. సీరీస్‌లో గ్రహాంతరవాసులు ప్రకాశం బ్యారేజీ మీద నౌక దించి, సమస్తం ధ్వంసం చేసి వెళ్లిపోతారు. ప్రాణాలతో మిగిలినవారు ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో తలదాచుకుని నాగరికతను ఎలా పునర్నిర్మించుకున్నారన్నది నవల.

ముందురోజు, ఆ ప్రచురణకర్త దగ్గర ఎడిటరుగా ఉన్న పూర్వశిష్యుడు ముస్తఫా ఫోను చేశాడు.

"మాస్టారూ, మీవాళ్లు మూడు చాప్టర్ల నుంచీ రాజ్యాంగమే రాసుకుంటున్నారండీ. ఒక్కడూ అన్నం తిన్లేదు. నీళ్లెక్కణ్ణుంచి వస్తున్నాయో తెలీదు. రేపు ఐదింటికల్లా కాస్త బతుకు కనపడే చాప్టరొకటి పంపండి. లేకపోతే మా ఓనరు సాయిగణేష్‌కి ఇచ్చేస్తానంటున్నాడు."

సాయిగణేష్! వాక్యానికి క్రియ అవసరమని ఎంత చెప్పినా చివరిదాకా ఒప్పుకోని శిష్యుడు! వెంకటప్పయ్యగారికి ముద్ద దిగలేదు.

అందుకే ఈ పథకం. కరెంటు లేని ఇంట్లో సామాన్య స్త్రీ ఏ విధంగా కుంగిపోతుందో మధ్యాహ్నం వరకు పరిశీలించి, ఫ్యూజు యథాస్థానంలో పెట్టి, కంప్యూటరులో టైపు చేసి పంపించడం. సామాన్య స్త్రీగా ఆయన ఎంపిక చేసినది సొంత భార్యను.

"ఏవండీ, ఫ్యానాగిపోయింది," అన్నారు రాజ్యలక్ష్మిగారు.

"వీధంతా పోయింది రాజ్యం. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందట. సాయంత్రం దాకా రాదట."

"ఎవరు చెప్పారు?"

"లైన్‌మాన్... మరియదాసు."

సరిగ్గా అప్పుడే పక్కింటి ఫిర్దౌస్ మిక్సీ గర్జించింది. వెంకటప్పయ్యగారి గుండె దానితో పోటీ పడింది.

"వాళ్లకి ఇన్వర్టరుందేమో," అన్నారావిడ శాంతంగా.

"అదే! ఇన్వర్టరే!"

"మిక్సీని కూడా లాగేస్తోందంటే మంచి కంపెనీయే."

ఆవిడ వంటగదిలోకి వెళ్లి, కాసేపటికి కొంగు బిగించుకుంటూ వచ్చారు. "పప్పు నానిపోయింది. గ్రైండరు తిరగదుగా. పెరట్లో అత్తయ్యగారి రుబ్బురోలుంది, పదండి."

"నేనా?"

"పోనీ నేను రుబ్బుతా. మీరు వీధి బోరింగు దగ్గర్నుంచి నీళ్లు తెండి. మోటారూ లేదుగా."

ఆయన ఆలోచించుకునే లోపల రెండు పనులూ ఆయనవే అయ్యాయి. కుంగిపోవలసిన సామాన్య స్త్రీ వసారాలో కుర్చీ వేసుకుని, విసనకర్రతో విసురుకుంటూ పరిశీలిస్తూ ఉండగా, పరిశీలకుడు చెమటలో తడిసి పొత్రం తిప్పుతున్నారు.

గోడ మీదుగా ఫిర్దౌస్ తొంగిచూసింది. "బాబాయ్‌గారూ! మీరు రుబ్బుతున్నారేంటండీ?"

"కరెంటు లేదు కదమ్మా!"

ఫిర్దౌస్ నోరు తెరిచింది. రాజ్యలక్ష్మిగారి విసనకర్ర ఒక్కసారి అడ్డంగా ఊగింది. "అవునండీ, అస్సలు లేదండీ," అని ఆ పిల్ల నోటికి చున్నీ అడ్డుపెట్టుకుని మాయమైంది.

భోజనం కాగానే ఆవిడ కునుకు తీయడం చూసి, ఆయన బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టారు. మోచేతి దాకా పెట్టారు. భుజం దాకా పెట్టారు. గుండ్రంగా, నున్నగా ఏవేవో తగిలాయి గాని ఫ్యూజు తగలలేదు.

"ఏం వెతుకుతున్నారు?"

ఆయన చెయ్యి బియ్యంలోనే బిగుసుకుపోయింది. "మామిడిపళ్లు... మాగాయేమోనని."

"మాగినవి పొద్దున్నే తీశానుగా. రోజూ తడిమి చూడకపోతే కుళ్లిపోవూ?"

ఆ డ్రమ్ములో చిన్నరసాలు మాగబెడతారనీ, వాటిని రోజూ చేత్తో తడుముతారనీ ఆయనకు అప్పటిదాకా తెలియదు. పళ్లు పళ్లెంలోకి ఎలా వస్తాయో ఆయన ఎన్నడూ విచారించి ఉండలేదు.

గడియారం మూడు దాటింది. కొత్త ఫ్యూజు కొనితెద్దామంటే వీధి గుమ్మానికి అడ్డంగా ఆవిడ కుర్చీ వచ్చి చేరింది. కళ్ల ముందు సాయిగణేష్ క్రియ లేని వాక్యాలతో నృత్యం చేయసాగాడు.

"రాజ్యం," అన్నారాయన గొంతు సవరించుకుని, "ఒక సాహిత్య ప్రయోజనం నిమిత్తమై..."

"ఫ్యూజు కావాలా?" ఆవిడ కొంగుముడి విప్పారు. "ముందిది చెప్పండి. మీ నవల్లో ఆడవాళ్లేం చేస్తుంటారు?"

"నాయకుడి భార్య ఉంది. ఏడుస్తూ ఉంటుంది."

"అంతేనా?"

"మధ్యమధ్య మూర్ఛపోతుంది."

కొంగుముడి మళ్లీ బిగిసింది.

"రాజ్యాంగం సవరిస్తాను!" అని వెంకటప్పయ్యగారు ఆక్రోశించారు.

కరెంటు వచ్చింది. తన కుర్చీ వెనక నిలబడి ఆవిడ చెబుతూ ఉంటే, ఆయన టైపు చేశారు. ఫ్యాక్టరీలో ఎవరు నీళ్లు మోయాలో, ఎవరు పిండి రుబ్బాలో ఆవిడే నిర్ణయించారు.

"నాయకుడు రుబ్బడమేమిటి? హోదా ఉండొద్దూ?"

"ఇడ్లీ తినేటప్పుడు అడ్డం రాని హోదా ఇప్పుడెందుకండీ? కొట్టండి."

ఐదు గంటలు కొట్టబోతుండగా అధ్యాయం వెళ్లింది. ఆ తరువాత ఆయన ఫోను వైపు చూస్తూ, గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నారు. ఎట్టకేలకు అది మోగింది.

"మాస్టారూ, అదిరిందండీ! ఆ భార్య పాత్రకి ఓనరు పడిపోయాడు. ఇంక సాయిగణేష్ మాటే లేదు. నాయకుడికి నడుం పట్టేసిన సీనైతే స్వయంగా అనుభవించినట్టే రాశారు!"

వెంకటప్పయ్యగారు నడుము రుద్దుకుంటూ, "కల్పనాశక్తి నాయనా," అన్నారు.

"ఒక్కటే కండిషనండీ. పుస్తకం అయ్యేదాకా నాయకుణ్ణి రోలు దగ్గర్నుంచి లేపొద్దంటున్నాడు."

ఫోను పెట్టేసరికి, వంటగదిలో గిన్నెలోకి జలజలా పప్పు పోస్తున్న చప్పుడు వినిపించింది.

"ఏవండీ, రేపు కూడా ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుందట. మరియదాసు చెప్పాడు."