గున్నేశ్వరరావుగారికి తొమ్మిదే

రామచంద్రపురంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మీనాకుమారి ఆ రోజు తొమ్మిదింటికే ల్యాబ్ తెరిచింది. ఆకాశం నుంచి నిత్యం మన మీద పడుతూ, మన ఒంట్లోంచే దూసుకుపోయే మ్యూయాన్లనే కణాలను లెక్కపెట్టడానికి ఆమె రెండేళ్లు కష్టపడి ఒక ట్రిగ్గర్ బోర్డు తయారుచేసింది. పైన ఒక పలక, కింద ఒక పలక. కణం రెంటికీ ఒకేసారి తగిలితేనే బోర్డు కూత పెట్టి లెక్కలో వేసుకుంటుంది. మిగతాదంతా ఉత్త రొద కింద వదిలేస్తుంది. పదకొండింటికి పెద్ద ప్రయోగశాల నుంచి ఇద్దరు శాస్త్రవేత్తలు వస్తున్నారు. నచ్చితే బోర్డును తమ డిటెక్టర్‌లో పెట్టుకుంటారు. అంతవరకు ఎవరూ లోపలికి రాకపోతే చాలనుకుంది.

ఊడవడానికి వచ్చిన ఏసమ్మ మోకాళ్లు లాగుతున్నాయని రెండు పలకల మధ్యనున్న స్టూలు మీద కూర్చుంది. నిమిషంలో బోర్డు పదిహేడుసార్లు కూసింది. ఇదేంటని అడిగితే, పైనుంచి మన మీద పడేవాటి లెక్క అని మీనాకుమారి వైర్లు చూసుకుంటూ చెప్పింది. పైనుంచి పడేది దేవుడి దయ తప్ప ఇంకేముంటుంది? తనకు పదిహేడు వచ్చిందని ఏసమ్మ కాలేజీ అంతా చెప్పింది. పావుగంటలో ల్యాబ్ ముందు క్యూ కట్టారు. ఆ క్యూని తోసుకుని కరస్పాండెంటు గున్నేశ్వరరావుగారు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

ఆయనకు తొమ్మిది వచ్చింది.

"ఏసమ్మకి పదిహేడూ, కాలేజీ కట్టించిన నాకు తొమ్మిదా? ఏం మిషనండీ ఇది?"

అవి చినుకుల్లాంటివనీ, ఒక నిమిషం ఎక్కువ, ఒక నిమిషం తక్కువ పడతాయనీ, మనిషిని చూసి పడవనీ ఆమె చెప్పింది. మనిషిని చూడని మిషను తన కాలేజీలో అక్కర్లేదని ఆయన తేల్చేశారు. ఆమె వద్దంటున్నా బోర్డు మీద మీట ఒకటి తిప్పేశారు. 'ఒకేసారి' అంటే ఎంత సన్నటి క్షణమో నిర్ణయించే మీట అది. క్షణం వెడల్పయ్యేసరికి రొదంతా లెక్కలోకి వచ్చిపడింది. నాలుగువందల పన్నెండు. ఆయన వెళ్లి ఆ అంకెను మైకులో చెప్పించారు. మీట అసలు ఏ గీత దగ్గర ఉండేదో చూసుకోవడానికి మీనాకుమారి నోటుబుక్కు వెతకడం మొదలుపెట్టింది.

మైకు విన్న జువాలజీ లెక్చరర్ ఉదయ్‌భాస్కర్, అది రేడియేషనేమో చూసుకోమని ఆయన చెవిన వేశాడు. గున్నేశ్వరరావుగారు పరుగున వచ్చి మళ్లీ స్టూలు మీద కూలబడ్డారు. సరిగ్గా అప్పుడే శాస్త్రవేత్తలు గుమ్మంలోకి వచ్చారు.

"ముందు ఇది తగ్గించండి మేడమ్. నాకు నాలుగువందలు వద్దు."

"పెంచింది మీరేనండీ," అంది మీనాకుమారి పళ్లు బిగించి. "రెండేళ్ల పని మీద చెయ్యేసేముందు ఒక్క మాట అడగాల్సింది."

ఆమె మీటను పాత చోటికి తిప్పింది. కూతలు ఒక్కసారిగా పలచబడ్డాయి. నిమిషానికి పదకొండు. గున్నేశ్వరరావుగారు ఊపిరి పీల్చుకున్నారు. శాస్త్రవేత్తల్లో పెద్దావిడ కృపారాణి మాత్రం మీటను పెంచి, తగ్గించి ఇంకోసారి చూపించమని అడిగింది. ఆ తర్వాత మరోసారి అడిగింది. తాము పెట్టాలనుకున్న పరీక్ష ఇదేననీ, అంత రొదలోంచి అసలు కణాలను ఇంత శుభ్రంగా ఏరే బోర్డును తను చూడలేదనీ చెప్పి, దాన్ని తీసుకోవడానికి అక్కడికక్కడే ఒప్పుకుంది.

మర్నాడు కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. బోర్డును స్వయంగా పరీక్షించి దేశానికి అందించిన గున్నేశ్వరరావుగారు అందులో నిలువెత్తున నమస్కారం పెడుతున్నారు. మీనాకుమారి పేరు కూడా ఉంది, అడుగున ఫ్లెక్సీ షాపు ఫోన్ నంబరు పక్కన, మీనాక్షి అని.