పోషణకు నూటికి నలభై మార్కులు

మెదడు క్యాన్సర్ వచ్చినవాడు ఎన్నాళ్లు బతుకుతాడన్నది, అతని ఒంటికి తిండి ఎంత పడుతోందన్న దాన్ని బట్టి కూడా ఉంటుందని ఆ పెద్దాసుపత్రి గ్రహించింది. గ్రహించిన మరుసటి వారమే ఒక విభాగం తెరిచింది. (తిండి పెట్టడానికి కాదు, తిన్నాడో లేదో తేల్చడానికి.) పోషణ స్థితి నిర్ధారణ విభాగంలో నూటికి నలభై మార్కులు తెచ్చుకున్నవాడికే రేడియేషన్ తేదీ ఇస్తారు.

వాచీలు బాగుచేసే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని అక్క అక్కడికి వెళ్లింది. ఇరవై రెండేళ్లుగా బడిలో మూడొందల మంది పిల్లలకు వండి పెడుతున్న మనిషి. ఎవడి కడుపు నిండిందో, ఎవడిది నిండలేదో మొహం చూసి చెప్పేస్తుంది. ఆ విభాగంలో మొహాలు చూసే పద్ధతి లేదు.

రక్తపరీక్షకు పరగడుపున రావాలి. ముందురోజు సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. కౌంటరు తొమ్మిదికి తెరుస్తారు, టోకెన్ రెండింటికి పిలుస్తారు. (మధ్యలో సిబ్బందికి భోజన విరామం.) మొదటిసారి తమ్ముడికి నలభై నాలుగు వచ్చాయి. ఆ కాగితం మీద పర్యవేక్షకుడి సంతకం పడేసరికి తొమ్మిది రోజులైంది. మార్కులు చెల్లేది ఏడు రోజులే. రెండోసారి నలభై ఒకటి. ఆ వారమంతా ముద్ర వేసే ఆవిడ సెలవు. మూడోసారి ముప్పై ఎనిమిది.

పర్యవేక్షకుడు కళ్లజోడు సర్దుకుని, "ఏమ్మా, ఇంట్లో సరిగా పెట్టట్లేదా?" అన్నాడు.

ఆ మాట అక్కను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"రోజూ పెడుతుందండీ," అన్నాడు తమ్ముడు. "మీరు రమ్మన్నప్పుడే పెట్టదు."

"మంగళవారం మళ్లీ రండి. పరగడుపున."

మంగళవారం పదకొండింటికి ఇద్దరూ వరుసలో నిలబడి ఉన్నారు. నువ్వుగింజంత మరమేకును పట్టకారుతో పట్టే తమ్ముడి చేతిలోంచి టోకెన్ జారిపోయింది. అతను గోడకు ఆనుకున్నాడు. ఆ గోడ మీదే 'ఇచ్చట తినరాదు' అని ఉంది. అక్క దాని కిందే చతికిలబడి టిఫిన్ డబ్బా మూత తీసింది.

"అక్కా, పరీక్ష పాడైపోతుందే."

"పాడవనీరా. నువ్వు పాడవకుండా ఉంటే చాలు. నోరు తెరువు."

పర్యవేక్షకుడు పరుగున వచ్చాడు. రిజిస్టరు తిరగేశాడు. తిన్న రోగిని ఏ గడిలో రాయాలో అందులో లేదు. మార్కులు వెయ్యడానికీ లేదు, సున్నా పెట్టడానికీ లేదు. చివరికి 'ఈ విభాగం పరిధిలోకి రాడు' అని రాసి, కాగితాలు రేడియేషన్ వాళ్ల దగ్గరికి తోసేశాడు.

అక్కడి డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి మనిషిని చూసింది. "తింటున్నాడా?"

"ఇప్పుడే తిన్నాడమ్మా."

"సరే, రేపే మొదలుపెడదాం."

రెండేళ్లు గడిచాయి. ఎడమ చెయ్యి కాస్త మందగించినా తమ్ముడు మళ్లీ వాచీల ముందు కూర్చుంటున్నాడు. కంచం ఖాళీ అయ్యేదాకా అక్క అతని ఎదుట నుంచి లేవదు.

రోగి కన్నుమూస్తే అతని దస్త్రం మూసేయాలన్నది ఆసుపత్రి నియమం. తమ్ముడి పేరు నమోదైన నెల గురించి పోషణ విభాగం తన నివేదికలో ఇలా రాసుకుంది: "నిబంధనలు ఉల్లంఘించిన ఒక్క రోగి మినహా, ఆ నెలలో నమోదైన దస్త్రాలన్నీ సకాలంలో మూసివేయబడినవని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము."